బీ450 బోర్డు, 30 వేల బడ్జెట్: ఏ గ్రాఫిక్స్ కార్డు? (కొన్నాక: గేమ్ మధ్యలో పీసీ ఆగిపోతోంది)

రాత్రిషిఫ్ట్_రైజెన్:
అన్నలూ, అక్కలూ, చిన్న సలహా కావాలి. ఉండేది కేపీహెచ్‌బీలో. నా పీసీ ఇదీ: రైజెన్ 5 3600, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ (ఒకటే స్టిక్), జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 1080పీ 144 హెర్ట్జ్ మానిటర్. ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా) క్యాబినెట్‌తో పాటే వచ్చింది, మీద 450 వాట్స్ అని రాసుంది. మామూలు రోజుల్లో ఫ్రెండ్స్‌తో వాలరంట్, సెలవు దొరికితే సైబర్‌పంక్ 2077. సైబర్‌పంక్ అన్నీ లోలో పెట్టినా బొమ్మ ఆగి ఆగి నడుస్తోంది. చేతిలో 30 వేలున్నాయి, ఇంట్లో బతిమాలితే ఇంకో ఐదారు వేలు వస్తాయి. ఆర్టీఎక్స్ 5060 తీసుకుందామని ఉంది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లే ముందు మిమ్మల్ని అడుగుదామని.

ఫ్రేమ్‌డ్రాప్:
5060 చెడ్డ కార్డేం కాదు, నీ బోర్డుకి మాత్రం సరైన జోడీ కాదు. ఎందుకో చెప్తా. ఆ కార్డు వాడుకునేది 8 లేన్లే (బోర్డుతో డేటా పోయి వచ్చే దారులు). పీసీఐఈ (కార్డు దిగే స్లాట్) 5.0 తరం ఉన్న కొత్త బోర్డులో ఆ ఎనిమిదీ చాలు. బీ450లో స్లాట్ 3.0. అందులో ఒక్కో లేన్‌కి సెకనుకి దాదాపు 1 జీబీ, అంటే మొత్తం 8 జీబీ. మామూలుగా దీనితో పెద్ద తేడా తెలియదు. కానీ 5060లో వీర్యామ్ (కార్డు సొంత మెమరీ) 8 జీబీయే. టెక్స్చర్లు పెంచగానే అది నిండిపోతుంది, మిగిలినదంతా ఈ ఇరుకు దారిలోంచే మెయిన్ ర్యామ్‌కి పోయి రావాలి. అప్పుడు సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తాయి, కానీ కెమెరా తిప్పినప్పుడల్లా గేమ్ గతుక్కుమంటుంది.

ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ చూడు. దానికి పూర్తి 16 లేన్లు, పాత స్లాట్‌లో కూడా సెకనుకి 16 జీబీ దాకా వెళ్తుంది, పైగా వీర్యామ్ రెట్టింపు. 160 వాట్స్ కార్డు, ఎక్కువ మోడళ్లకి ఒకటే 8 పిన్ కనెక్టర్. అదే కార్డు 8 జీబీలో కూడా ఉంది, పెట్టె ఒకేలా ఉంటుంది, షాపులో చూసి తీసుకో. నీ బడ్జెట్ కొంచెం దాటొచ్చు. దాటినా అదే తీసుకోమంటాను.

పిల్లర్143:
ఇంట్లో బతిమాలడమెందుకు బ్రో, సెకండ్ హ్యాండ్‌లో 3060 12 జీబీ చూడు. 16 లేన్లున్నాయి, వీర్యామ్ కూడా సరిపోతుంది. అత్తాపూర్‌లో నాకు తెలిసినాయన దగ్గర ఒకటుంది, చాలా తక్కువకే ఇస్తానంటున్నాడు.

ఫ్రేమ్‌డ్రాప్:
అది 2021 కార్డు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం (క్రిప్టో) మైనింగ్ ఆగిపోయాక మార్కెట్‌లోకి వచ్చిపడ్డ వాటిలో 3060లు చాలా ఉన్నాయి. మైనింగ్ చేసినంత మాత్రాన కార్డు పాడైపోయినట్టు కాదు, కానీ ఫ్యాన్ బేరింగ్‌లు, థర్మల్ ప్యాడ్‌లు అరిగుంటాయి. తెలిసినాయన ఇంట్లోనే అరగంట గేమ్ ఆడనిస్తాడా అని అడుగు. "ప్యాక్ చేసేశాం, డిస్‌ప్లే వస్తుంది చాలు" అంటే వచ్చేయ్. జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లు. కార్డు బయాస్ (లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి పాత కార్డుని కొత్త పేరుతో అమ్మేవాళ్లున్నారు, చాలావరకు అందులో దొరికిపోతుంది. ఆర్‌ఎక్స్ 580 అని చెప్పి 2048 షేడర్ల (బొమ్మ లెక్కలు చేసే యూనిట్ల) రకం అంటగడతారు, అసలు 580కి 2304 ఉండాలి.

సోల్డర్_మామ:
జర ఆగు తమ్మీ. అందరూ కార్డు దగ్గరే ఆగిపోయారు. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చిన ఎస్ఎంపీఎస్ అంటే పెళ్లిలో ఇచ్చే రిటర్న్ గిఫ్ట్, దాని మీద రాసింది నమ్మొద్దు. పక్క ప్యానెల్ విప్పి స్టిక్కర్ ఫొటో పెట్టు. 450 అనే పెద్ద అంకెతో నాకు పనిలేదు. 12 వోల్ట్ గడిలో ఎన్ని యాంప్స్ ఉన్నాయో చూడాలి. ప్రాసెసర్, కార్డు రెండూ తినేది ఆ గడిలోంచే.

రాత్రిషిఫ్ట్_రైజెన్:
మామా, ఫొటో పెట్టాను. +12V దగ్గర 18A అని ఉంది. 6 పిన్ వైరు ఒకటి వేలాడుతోంది, 8 పిన్ లేదు. 1050 టీఐకి అసలు వైరే పెట్టలేదు.

సోల్డర్_మామ:
12 ఇంటూ 18, 216 వాట్స్. అదీ స్టిక్కర్ నిజం చెప్తే. మిగతా వాట్స్ 5 వోల్ట్, 3.3 వోల్ట్ గడుల్లో వేసి 450 అని లెక్క కట్టారు, అవి నీకు పనికిరావు. నీ 1050 టీఐ 75 వాట్స్ కార్డు, స్లాట్ ఇచ్చేది కూడా 75, అందుకే ఇన్నాళ్లూ బండి నడిచింది.

షాపులో ఒక మాట అంటారు చూడు, "సాటా టు 8 పిన్ కన్వర్టర్ వేసుకోండి సార్, ఏం కాదు" అని. సాటా (హార్డ్ డిస్క్‌కి పెట్టే) పవర్ కనెక్టర్‌లో 12 వోల్ట్ పిన్నులు మూడు, ఒక్కోటి ఒకటిన్నర యాంప్. మొత్తం 54 వాట్స్. 8 పిన్ కార్డు అడిగేది 150 దాకా. కరిగిపోయి నల్లబడిన సాటా కనెక్టర్లు నా టేబుల్ సొరుగులో బోలెడున్నాయి, వచ్చి చూసుకో.

మంచి కంపెనీ 550 వాట్స్ తీసుకో, చాలు. 80 ప్లస్ బ్రాంజ్ అనేది కరెంటు ఎంత ఆదా చేస్తుందో చెప్తుంది కానీ లోపల ఏ సరుకు పెట్టారో చెప్పదు. వారంటీ ఎన్నేళ్లో చూడు, ఐదేళ్లిచ్చేవాడికి తన సరుకు మీద నమ్మకం ఉన్నట్టు. మాడ్యులర్ అయితే దాంతో వచ్చిన కేబుళ్లే వాడు. పాత ఎస్ఎంపీఎస్ కేబుల్ అదే సాకెట్‌లో పట్టినా పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు, హార్డ్ డిస్కులు పోతాయి.

ఉప్పల్_యూనిట్:
ర్యామ్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? ఒకటే స్టిక్ అంటే సింగిల్ ఛానల్, డేటాకి ఒకటే దారి. రైజెన్ 3600కి అది పెద్ద దెబ్బ, ముఖ్యంగా వాలరంట్ లాంటి ప్రాసెసర్ మీద నడిచే గేముల్లో. కొత్త కార్డు పెట్టినా వాలరంట్‌లో ఫ్రేములు పెద్దగా పెరగవు, "మోసపోయాను" అని మళ్లీ ఇక్కడికే వస్తావు. అదే కంపెనీ, అదే స్పీడు ఇంకో స్టిక్ వేసి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టు. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడుకి తెచ్చే సెట్టింగ్) ఆన్ చెయ్యి. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు ఎలా మండుతున్నాయో తెలుసుగా, కొత్తది కష్టమైతే ర్యామ్ మాత్రం సెకండ్ హ్యాండ్ ధైర్యంగా తీసుకోవచ్చు.

ఇంకోటి, 1050 టీఐని ఎంతకాలమైనా వాడొచ్చు అనే వాదన ఇక చెల్లదు. 10 సిరీస్‌కి కొత్త గేమ్ రెడీ డ్రైవర్లు (కొత్త గేముల కోసం వచ్చేవి) 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి. 2028 అక్టోబర్ వరకు సెక్యూరిటీ అప్‌డేట్లే.

ఎల్బీనగర్_ల్యాగ్:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నేను ఇంటెల్ ఆర్క్ బీ580 కార్డు కొన్నాను, 12 జీబీ. ఐ5 10400, విండోస్ 10. యూట్యూబ్‌లో చూపించే ఫ్రేముల్లో సగం కూడా రావట్లేదు. కార్డు రిటర్న్ ఇచ్చేయాలా?

ఫ్రేమ్‌డ్రాప్:
రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉందా? అది లేకుండా ఆర్క్ కార్డు పెట్టుకోవద్దని ఇంటెల్ వాళ్లే చెప్తారు. బయాస్ అప్‌డేట్ చేసి అబవ్ 4జీ డీకోడింగ్, రీసైజబుల్ బార్ రెండూ ఆన్ చెయ్యి.

ఎల్బీనగర్_ల్యాగ్:
అది ఆన్ చేయాలంటే సీఎస్ఎం (పాత పద్ధతి బూటింగ్) ఆఫ్ చెయ్యమని బయాస్‌లో వచ్చింది. చేశాను. ఇప్పుడు విండోసే రావట్లేదు, ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా బయాస్‌లోకే వెళ్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది, ఆఫీసు ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి.

ఉప్పల్_యూనిట్:
టెన్షన్ పడకండి, ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. సీఎస్ఎం మళ్లీ ఆన్ చేస్తే విండోస్ వచ్చేస్తుంది. మీ డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంది, సీఎస్ఎం లేకుండా బూట్ అవ్వాలంటే కొత్త జీపీటీ పద్ధతి కావాలి. ముందు ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి, ఇది మాత్రం దాటవేయొద్దు. తర్వాత విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో మొదట వ్యాలిడేట్ ఆప్షన్‌తో నడిపి, ఓకే అంటేనే కన్వర్ట్ చేయండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే ముందు సస్పెండ్ చేయాలి. అదయ్యాక సీఎస్ఎం ఆఫ్.

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎలాగూ 11కి వెళ్లాల్సిందే, దానికీ ఈ పని అవసరమే.

ఎల్బీనగర్_ల్యాగ్:
అయింది! బూట్ అయ్యింది, రీసైజబుల్ బార్ ఆన్ అని చూపిస్తోంది. గేమ్ ఇప్పుడు గేమ్‌లా ఉంది. యూట్యూబ్ నంబర్లకి ఇంకా కొంచెం తక్కువే.

ఫ్రేమ్‌డ్రాప్:
ఆ మాత్రం తక్కువ ఉంటుంది. బీ580 డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుందని 2025 మొదట్లోనే రివ్యూల్లో వచ్చింది, పాత ప్రాసెసర్లలో ఆ తేడా కనిపిస్తుంది. సెట్టింగ్స్ పెంచి ఆడు, భారం కార్డు మీదకి మళ్లుతుంది.

మోడరేటర్:
ఎల్బీనగర్ సమస్య తీరింది కాబట్టి దాని మీద ఇంకేమైనా ఉంటే వేరే చర్చ తెరవండి. రైజెన్ గారు ఇంతకీ ఏం కొన్నారు?

రాత్రిషిఫ్ట్_రైజెన్:
కొన్నాను. 9060 ఎక్స్‌టీ 16 జీబీ, 550 వాట్స్ ఎస్ఎంపీఎస్ (ఐదేళ్ల వారంటీ), సెకండ్ హ్యాండ్ ర్యామ్ స్టిక్. ప్యారడైజ్ మెట్రోలో దిగి పార్క్ లేన్ నడిచి సీటీసీలో ఒక్కో షాపు తిరిగాను. ఒకాయన బిల్లు లేకుండా ఇంకా తగ్గిస్తానన్నాడు. వద్దన్నాను, బిల్లు మీద సీరియల్ నంబర్ కూడా రాయించుకున్నాను. ఎన్విడియా నుంచి ఏఎండీకి మారుతున్నా కాబట్టి సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే టూల్‌తో పాత డ్రైవర్ తీసేశాకే కొత్తది వేశాను. సైబర్‌పంక్ హైలో పెట్టి ఆడుతుంటే కళ్లు చెదిరిపోయాయి.

సమస్య ఏంటంటే, సాయంత్రం ఏడు దాటాక గేమ్ ఆడుతుంటే ఉన్నట్టుండి పీసీ మొత్తం ఆగిపోతోంది. బ్లూ స్క్రీన్ లేదు, ఎర్రర్ లేదు. పొద్దున ఆడితే ఏమీ అవ్వట్లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ లాగ్) కెర్నల్-పవర్ 41 అని ఉంది. కార్డు టెంపరేచర్ 70 దాటలేదు, హాట్‌స్పాట్ (కార్డులో అన్నిటికంటే వేడెక్కే చోటు) 85.

పిల్లర్143:
నేను ముందే చెప్పా, 3060 తీసుకోమని. ఏఎండీ డ్రైవర్లు ఇంతే.

ఫ్రేమ్‌డ్రాప్:
డ్రైవర్ అయితే అదే లాగ్‌లో డిస్‌ప్లే 4101 పడాలి, లేదా బొమ్మ నల్లబడి మళ్లీ రావాలి. 41 అంటే "నేను సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అని విండోస్ తర్వాత లేచి రాసుకునే మాట, అంతే. కారణం అందులో ఉండదు. వీయా లాగర్ (హార్డ్‌వేర్ తప్పులు రాసేది) ఎర్రర్లు ఉన్నాయా? ఉంటే ప్రాసెసర్, ర్యామ్ వైపు చూడాలి. ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి ఒక సాయంత్రం ఆడి చూడు, సెకండ్ హ్యాండ్ స్టిక్ కదా.

రాత్రిషిఫ్ట్_రైజెన్:
వీయా ఏమీ లేవు. ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసినా అదే. డ్రైవర్ మార్చినా అదే. 8 పిన్ కేబుల్ తీసి గట్టిగా నొక్కి పెట్టాను. షాపుకి ఫోన్ చేస్తే "కార్డు సర్వీస్ సెంటర్‌కి పంపండి, మూడు వారాలు పడుతుంది" అన్నారు.

సోల్డర్_మామ:
పంపకు. ఒక్క మాట చెప్పు. ఆగిపోయినప్పుడు మానిటర్ పవర్ లైటు వెలుగుతూ ఉంటుందా, అది కూడా ఆరిపోతుందా?

రాత్రిషిఫ్ట్_రైజెన్:
ఇప్పుడు మీరడిగితే గుర్తొస్తోంది మామా, మానిటర్ లైటు కూడా ఆరిపోతుంది. రెండూ ఒకేసారి. దానికి ముందు ట్యూబ్‌లైట్ ఒకసారి మినుకుమంటుంది, బల్ల కింద టక్‌మని శబ్దం.

సోల్డర్_మామ:
అయితే నీ కార్డు మంచిదే, ఎస్ఎంపీఎస్ కూడా మంచిదే. కార్డు చచ్చినా, ఎస్ఎంపీఎస్ ట్రిప్ అయినా మానిటర్‌కేం సంబంధం? దాని కరెంటు దానిదే. "నో సిగ్నల్" అని చూపించి, పవర్ లైటు రంగు మార్చుకుని కూర్చోవాలి. రెండూ కలిసి పోయాయంటే రెండింటికీ కలిసి వచ్చేచోట తేడా. బల్ల కింద యూపీఎస్ ఎంతది, బ్యాటరీ ఎప్పటిది?

రాత్రిషిఫ్ట్_రైజెన్:
600 వీఏ. పీసీతో పాటే కొన్నాం, బ్యాటరీ ఎప్పుడూ మార్చలేదు. కానీ మొన్న కరెంటు పోయినప్పుడు పది నిమిషాలు బాగానే లాగింది. బ్రౌజర్ ఒకటే తెరిచి ఉంది అప్పుడు.

ఉప్పల్_యూనిట్:
బ్రౌజర్‌తో లాగడానికీ గేమ్‌తో లాగడానికీ పోలికే లేదు, లెక్క వేద్దాం. 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్సే ఇస్తాయి. గేమ్‌లో నీ కార్డు 160, ప్రాసెసర్ ఓ 70, మిగతా బోర్డు, ఫ్యాన్లు, ఎస్ఎస్‌డీ కలిపి 40. మొత్తం 270. ఎస్ఎంపీఎస్ 85 శాతం సామర్థ్యం అనుకుంటే గోడ నుంచి లాగేది 318. మానిటర్ 25 కలుపు, 343. కొత్త బ్యాటరీతోనే ఇది అంచు మీద నడక, అందులోనూ కార్డు మిల్లీసెకన్ల పాటు తన 160 కంటే చాలా ఎక్కువ లాగుతుంది. ముసలి బ్యాటరీ ఆ క్షణంలోనే కుప్పకూలుతుంది. పాత కార్డుతో లోడు 250 లోపే ఉండేది, అందుకే బయటపడలేదు.

సాయంత్రమే ఎందుకంటే, అపార్ట్‌మెంట్‌లో అందరూ ఇంటికొచ్చి ఏసీలు వేస్తారు. ఒక్కో కంప్రెసర్ ఎక్కినప్పుడు వోల్టేజ్ ఒక క్షణం కుంగుతుంది. ట్యూబ్‌లైట్ మినుకుమనేది అదే, టక్‌మనేది యూపీఎస్ రిలే బ్యాటరీకి మారిన చప్పుడు. ఏప్రిల్, మేలో హైదరాబాద్‌లో ఇది రోజూ ఉండేదే.

సోల్డర్_మామ:
లెక్క బాగుంది, ఇక పరీక్ష చెయ్యి. మొదటిది: డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు గోడ దగ్గర యూపీఎస్ స్విచ్ ఆపు. ప్లగ్ లాగకు, లాగితే ఎర్తింగ్ కూడా పోతుంది. రెండోది: అన్నీ సేవ్ చేసి, గేమ్ నడుస్తుండగా మళ్లీ ఆపు. మూడోది: యూపీఎస్ పక్కనపెట్టి పీసీ, మానిటర్ నేరుగా గోడకి, సాయంత్రమంతా ఆడు.

రాత్రిషిఫ్ట్_రైజెన్:
చేశాను. ఖాళీగా ఉన్నప్పుడు ఆపితే బీప్ కొడుతూ నడిచింది. గేమ్‌లో ఆపితే బీప్ కూడా పూర్తి కాలేదు, అంతా చీకటి. నేరుగా గోడకి పెట్టాక రాత్రి పదకొండు దాకా ఆడాను. లైటు రెండు మూడుసార్లు మినుకుమంది, పీసీ చలించలేదు!

పిల్లర్143:
నేరుగా పెడితే లైటు మినుకుమన్నా ఆగకపోవడమేంటి? యూపీఎస్ కాపాడాలి కదా, చంపడమేంటి?

ఉప్పల్_యూనిట్:
యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటు సాఫీగా లాగే సర్క్యూట్) ఉన్న కొత్త ఎస్ఎంపీఎస్‌లు చాలావరకు 100 నుంచి 240 వోల్ట్ దాకా తీసుకుంటాయి. చిన్న కుంగుడు దానికి లెక్కలోదే కాదు. మధ్యలో యూపీఎస్ కంగారుపడి బ్యాటరీకి మార్చడం వల్లే ఈ గొడవంతా. చవక యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చేది అసలు సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉండే అలలు. కొన్ని యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్ఎంపీఎస్‌లకి అది పడదు. కాబట్టి కొత్తది కొంటే 1000 వీఏకి తగ్గకుండా, 600 వాట్స్ అని స్పష్టంగా రాసున్నది చూడు. ప్యూర్ సైన్ వేవ్ దొరికితే ఇంకా మంచిది, ధర మాత్రం బాగా ఎక్కువ.

రాత్రిషిఫ్ట్_రైజెన్:
అంటే కార్డు మూడు వారాలు సర్వీస్ సెంటర్‌లో పడి ఉండేది, వాళ్లు "కార్డు బాగానే ఉంది" అని తిరిగి పంపేవాళ్లు. మామా, మీకు దండం.

ఫ్రేమ్‌డ్రాప్:
యూపీఎస్ వచ్చేదాకా ఒక పని చెయ్యి. ఎడ్రినలిన్‌లో (ఏఎండీ డ్రైవర్ సాఫ్ట్‌వేర్) ఫ్రేమ్ రేట్ 141 దగ్గర కట్టెయ్యి. 144 హెర్ట్జ్ మానిటర్‌కి అంతకంటే ఎక్కువ గీసినా కంటికి కనిపించదు. వాలరంట్‌లో లోడు బాగా పడిపోతుంది. అందులోనే కార్డు వోల్టేజ్ ఆఫ్‌సెట్ కొంచెం కొంచెంగా తగ్గించి చూడు, సైబర్‌పంక్‌లో క్రాష్ అయితే ఒక మెట్టు వెనక్కి రా. గదిలోనే 38 డిగ్రీలుంటే కార్డు వేడి కూడా ఆ మేరకి పెరుగుతుంది, ముందు గాజు ప్యానెల్ ఉన్న క్యాబినెట్ అయితే మరీను.

రాత్రిషిఫ్ట్_రైజెన్:
141 పెట్టాను, ఫ్యాన్ చప్పుడే తగ్గిపోయింది. మొత్తానికి 1000 వీఏ, 600 వాట్స్ యూపీఎస్ తెచ్చాను. గేమ్ మధ్యలో స్విచ్ ఆపి చూశాను, బీప్ కొడుతూనే ఆట నడిచింది. ప్రింటర్ ప్లగ్ యూపీఎస్ నుంచి తీసేశాను. పాత యూపీఎస్ ఏం చెయ్యాలి, పాత ఇనుముకి వేసేయాలా?

సోల్డర్_మామ:
వేయకు. చాలావాటిలో లోపల ఉండేది 12 వోల్ట్, 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటే, మూత నాలుగు స్క్రూలు. అదొక్కటి మార్చి వైఫై రౌటర్‌కి పెట్టుకో, గంటల తరబడి లాగుతుంది. బ్యాటరీ షాపులో పాతది ఇచ్చి కొత్తదాని ధరలో తగ్గించమను. అడిగితేనే తగ్గిస్తాడు.